రాగి మాల్టు దగ్గర ఆగిపోయిన బీరు

గుంతకల్లు, గుత్తి, ఉరవకొండ పక్కల ఇళ్లలో పసిబిడ్డకు అన్నం అలవాటు చేసే రోజులు దగ్గరపడగానే రాగులు నానుతాయి. రాత్రంతా నానబెట్టి, నీళ్లు వంచేసి, తడిగుడ్డలో మూటగడతారు. ఒకటి రెండు రోజుల్లో మొలకలు గుడ్డను పొడుచుకుని బయటికొస్తాయి. వాటిని ఆరబెట్టి, దోరగా వేయించి, మరకు పంపి పిండి ఆడిస్తారు. అదే రాగి మాల్టు. బీరు కర్మాగారంలో బార్లీకి జరిగే మొదటి పని కూడా ఇదే. గింజ మొలకెత్తేటప్పుడు దానిలో ఎంజైములు పుడతాయి. లోపలి పిండిపదార్థాన్ని చక్కెరగా విడగొట్టే పని వాటిది. ఆ మాల్టును 65 డిగ్రీల వేడి నీళ్లలో గంటసేపు ఉంచితే తియ్యటి రసం దిగుతుంది. రసాన్ని వడకట్టి, చేదు కోసం హాప్స్ పూలు వేసి మరిగించి, చల్లారాక ఈస్టు కలిపితే వారం పది రోజుల్లో ఏల్ అనే బీరు తయారవుతుంది.

మొలక కట్టడం రాయలసీమ ఆడవాళ్లకు తెలుసు. పులియబెట్టడమూ తెలుసు. దోసెపిండి, పులిసిన అంబలి, రాత్రి నీళ్లు పోసిపెట్టిన సద్దికూడు, అన్నీ ఆ విద్యలోవే. ఈ రెండు విద్యలూ కలిసిన చోట లోకంలో చాలాచోట్ల బీరు పుట్టింది. నేపాల్, సిక్కిం కొండల్లో ఉడికించిన రాగులను పులియబెట్టి, వెదురు పాత్రలో వేసి, పైన వేడినీళ్లు పోసి సన్నటి గొట్టంతో పీల్చే తోంగ్బా ఉంది. తూర్పు ఆఫ్రికాలో రాగి మాల్టుతో పల్లెపల్లెకూ బీరు ఉంది. అంతదూరం పోనక్కరలేదు, విశాఖ మన్యానికి ఆనుకుని ఉన్న కోరాపుట్ గిరిజనులు బియ్యంతో, రాగులతో లాండా చేసుకుంటారు. అనంతపురం మెట్టలో మాత్రం ఆ దారి మాల్టు దగ్గరే ఆగిపోయింది. కారణం ఈత చెట్టే కావచ్చు. గింజను మొలకెత్తించి, ఉడికించి, చక్కెర రాబట్టే శ్రమంతా అక్కర లేకుండా వంకల పక్కన నిలబడి తియ్యటి రసాన్ని నేరుగా ఇచ్చే చెట్టు ఉన్నప్పుడు ధాన్యం జోలికి ఎవరు పోతారు? తినడానికే గింజ చాలని కరువు నేలలో ఈ లెక్క మరీ గట్టిది.

కల్లు సంగతి అందుకే ముందు చెప్పుకోవాలి. ఈడిగలు చెట్టు మెడ దగ్గర చెక్కి లొట్టి కట్టిన క్షణం నుంచే పులియడం మొదలవుతుంది. గాలిలోవి, లొట్టి గోడకు అంటుకున్నవి, నిన్నటి కల్లు తడిలో మిగిలినవి, ఆ సూక్ష్మజీవులన్నీ ఒక్కసారి పనిలో దిగుతాయి. బీరుకు వాడే ఈస్టు జాతే ఇందులోనూ ముఖ్యమైనది. దానితోపాటు పెరుగును తోడుపెట్టే రకం బ్యాక్టీరియా కూడా ఉంటుంది. తెల్లవారుజామున దించినప్పుడు తీపి, ఎండెక్కేసరికి నురగ, పొద్దు వాలేసరికి పులుపు. ఆల్కహాలు నాలుగు నుంచి ఆరు శాతం, అంటే మామూలు బీరంత. లొట్టి లోపల సున్నం పూస్తే పులియడం ఆగి నీరా అవుతుంది. బెల్జియంలో గాలిలోని ఈస్టుతోనే పులిసే లాంబిక్ అనే పుల్లటి బీరును తయారీదారులు ఏళ్ల తరబడి పీపాల్లో మగ్గబెడితే రసికులు తాగుతారు. గీత కార్మికుడు రోజూ తెల్లారేసరికి దించేది ఆ కుటుంబానికే చెందిన పానీయం. రుచి జ్ఞానంలో ఆయన ఎవరికీ తీసిపోడు. ఏ చెట్టు కల్లు ఎంత సేపటికి పుల్లబడుతుందో వాసన పట్టి చెప్పగలడు.

ఆ జ్ఞానాన్ని చంపుతున్నది కల్తీ. క్లోరల్ హైడ్రేటు, డయజెపాం, అల్ప్రజోలం కలిపిన నీళ్లకు కల్లు అని పేరుపెట్టి అమ్మడం రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పాతుకుపోయిన రోగం. 2025 జులైలో హైదరాబాదు కూకట్‌పల్లిలో అలాంటి కల్లు తాగి మనుషులు చనిపోయారు. చెట్లు తగ్గి, తాగేవాళ్లు పెరిగిన చోట ఈ మందుబిళ్లల వ్యాపారం పుడుతుంది. చెట్టు నుంచి దిగిన అసలు కల్లు రుచి ఎరిగినవాళ్ల సంఖ్య ఏటికేడు తగ్గుతోంది.

ఇళ్లలో చేసుకునే పానీయాలకు శాస్త్రగ్రంథాల్లోనే చోటుంది. మనుస్మృతి సురను మూడు రకాలుగా చెప్పింది. బెల్లంతో చేసేది గౌడి, పిండితో చేసేది పైష్టి, మధువుతో చేసేది మాధ్వి. ఆ మధువు తేనె అని కొందరు, ఇప్పపువ్వు అని కొందరు వ్యాఖ్యానించారు. పైష్టిని ధాన్యపు బీరు అనుకోవచ్చు. మనుస్మృతి వీటిని నిషేధించడానికే పేర్లు పెట్టింది. కౌటిల్యుడి అర్థశాస్త్రం దారి వేరు. సురాధ్యక్షుడి ప్రకరణంలో అది పాళ్లతో సహా వివరాలు ఇస్తుంది. మేదకం అనే పానీయానికి ఒక ద్రోణం నీళ్లు, అర ఆఢకం బియ్యం, మూడు ప్రస్థాల కిణ్వం, అంటే పులియబెట్టే ముద్ద. అంగళ్ల మీద, అమ్మకాల మీద గట్టి నిఘా పెట్టిన ఆ పుస్తకమే కుటుంబాలు శుభకార్యాలకు తెల్లసురను, మందు కోసం అరిష్టాన్ని స్వయంగా చేసుకోవచ్చని ఒప్పుకుంది. పండగలకు, జాతరలకు నాలుగు రోజులు వెసులుబాటు ఇచ్చింది. అమ్ముకునే సారాయి వేరు, ఇంటి అక్కరకు చేసుకునేది వేరు అన్న విభజన ఆ కాలానికే ఉంది. పన్ను రాబడిని అంత లెక్కగా చూసిన గ్రంథం ఇంటి గడప దగ్గర ఆగడం గమనించాల్సిన విషయం.

బీరు మాత్రం పడవ ఎక్కి వచ్చింది. 18వ శతాబ్దం చివర లండన్‌లోని బౌ బ్రూవరీ యజమాని హాడ్జ్‌సన్ ఈస్టిండియా కంపెనీ ఓడల్లో ఏల్ పంపేవాడు. 1820లలో బర్టన్ పట్టణపు తయారీదారులు పోటీకి దిగారు. హాప్స్ దండిగా వేసిన ఆ లేత రంగు ఏల్‌కే తర్వాత ఇండియా పేల్ ఏల్ (ఐపీఏ) అన్న పేరు స్థిరపడింది. 1855లో ఎడ్వర్డ్ డయ్యర్ కసౌలీ కొండల్లో బీరు కంపెనీ పెట్టాడు. జలియన్‌వాలాబాగ్‌లో కాల్పులు జరిపించిన డయ్యర్ ఇతని కొడుకే. దక్షిణాన నీలగిరుల్లో, బెంగళూరులో 1857 నుంచి పుట్టిన చిన్న బ్రూవరీలను కలిపి 1915లో థామస్ లీష్మన్ యునైటెడ్ బ్రూవరీస్ ఏర్పాటు చేశాడు. పెద్ద పీపాలు ఎద్దుబండ్లెక్కి దండు ఉన్న ఊళ్లకు పోయేవి.

గుంతకల్లుకు పక్కనే బళ్లారి దండు. మద్రాసు నుంచి గుంతకల్లు మీదుగా వచ్చిన రైలు దారి 1871లో రాయచూరు దగ్గర బొంబాయి దారితో కలిసింది. తర్వాత హుబ్లీ వైపు మీటర్ గేజి వచ్చి చేరింది. నాలుగు దిక్కుల రైళ్లు కలిసే గుంతకల్లు జంక్షన్ 1956లో డివిజన్ కేంద్రమైంది. రైల్వే కాలనీల్లోని ఆంగ్లో ఇండియన్ కుటుంబాలకు క్రిస్మస్ అంటే ఇంట్లో చేసిన ద్రాక్ష వైను, అల్లం వైను. జాడీలో ద్రాక్షపళ్లు, చక్కెర, కాస్త గోధుమలు, లవంగాలు వేసి కొన్ని వారాలు మూతపెట్టి ఉంచడం తల్లి నుంచి బిడ్డకు వచ్చిన విద్య. ధాన్యపు బీరు కాకున్నా, రైలు ఊళ్లలో ఇంటి పులియబెట్టుడుకు దగ్గరి ఉదాహరణ ఇదే. 2019 క్రిస్మస్ ముందు కేరళ ఎక్సైజ్ శాఖ ఇళ్లలో వైను చేయడం నేరమంటూ సర్క్యులర్ ఇచ్చినప్పుడు అక్కడి కుటుంబాల్లో ఎంత కలకలం రేగిందో అందరూ చూశారు.

ఇక చట్టం. 1886 నాటి మద్రాసు ఆబ్కారీ చట్టం చెట్టు గీతనూ, సారాయి కాపునూ లైసెన్సు కిందికి తెచ్చింది. 1937లో రాజాజీ సేలం జిల్లాలో మద్యనిషేధం మొదలుపెడితే, 1948 నాటికి అది మద్రాసు రాష్ట్రమంతటికీ, అందులో భాగమైన సీమకూ వచ్చింది. ఇప్పుడున్నది 1968 నాటి ఆంధ్రప్రదేశ్ ఎక్సైజ్ చట్టం. లైసెన్సు లేకుండా మత్తు పానీయం తయారుచేయడం దాని కింద నేరం. అయిదు లీటర్ల గాజు సీసాలో సరదాకు ఏల్ పులియబెట్టినా, కొండవాగు పక్కన డ్రమ్ముల్లో బెల్లం ఊట పెట్టి నాటుసారా కాచినా తయారీ తయారీయే.

ఈ రెండూ ఒకటి కావు. ఊటను కాచి, ఆవిరిని చల్లార్చి దింపేది సారా. దాని ఆల్కహాలు కల్లు, బీరులకు ఎన్నో రెట్లు. పులియబెట్టడంతో ఆగిపోయే పానీయంలో ఈస్టే తన హద్దు తాను గీసుకుంటుంది. ఆల్కహాలు పెరిగేకొద్దీ అది నీరసించి పని ఆపేస్తుంది. ప్రాణాలు తీసే కల్తీ సారాల్లో చాలావరకు ఎవరో బయటి నుంచి పోసిన పారిశ్రామిక మిథనాల్ ఉంటుంది. ఆ ముప్పును చూపి రాగి ఏల్‌ను ఆపడం సరికాదు.

అయినా ఆంధ్రలో ఈ చర్చ ఎవరు చేసినా దూబగుంటను దాటి పోలేరు. నెల్లూరు జిల్లాలోని ఆ పల్లెలో అక్షరాలు నేర్చుకుంటున్న ఆడవాళ్లు వాచకంలోని ‘సీతమ్మ కథ’ పాఠం చదివి, 1990ల మొదట్లో సారా దుకాణం మూయించారు. వర్ధినేని రోశమ్మ పేరు రాష్ట్రమంతటా మోగింది. 1993 అక్టోబరు 1న సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం సంపూర్ణ మద్యనిషేధం తెచ్చింది. 1997లో దాన్ని సడలించారు. కూలి డబ్బు దుకాణంలో పోగొట్టుకుని వచ్చే మగవాడి చేతిలో దెబ్బలు తిన్న ఆడవాళ్ల పోరాటం అది. వాళ్ల మాటకున్న బరువు ఏ రుచి చర్చకూ లేదు. అయితే వాళ్లు ఎదిరించింది పల్లెల్లోకి ప్యాకెట్లలో పారించి ఖజానా నింపుకున్న వ్యాపారాన్ని. ఆ వ్యాపారం సారా పోయాక వేరే సీసాలెక్కి బతికింది. ఇంట్లో, చెట్టు కింద పుట్టే పలుచని పానీయాలే చితికిపోయాయి.

దాని ఫలితం నేటి నాలుక మీద ఉంది. గుంతకల్లు బారులోనైనా, హైదరాబాదు బారులోనైనా బీరంటే ఎక్కువమందికి స్ట్రాంగ్ బీరే. ఆహార భద్రతా ప్రమాణాల ప్రకారం అయిదు శాతం దాటి ఎనిమిది దాకా ఆల్కహాలున్నది స్ట్రాంగ్. దేశంలో అమ్ముడయ్యే బీరులో అయిదింట నాలుగు వంతులు ఆ రకమే. పక్కన ఉడకబెట్టిన చెనిక్కాయలు, మిరపకాయ బజ్జీలు. గడ్డకట్టేంత చల్లగా గొంతులోకి దిగిపోవాలి, త్వరగా ఎక్కాలి. ఇది తెలుగువాడి సహజ అభిరుచి అనే మాట తరచూ వినిపిస్తుంది కానీ నమ్మదగినది కాదు. స్ట్రాంగుకూ లైటుకూ ఆల్కహాలులో ఉన్నంత తేడా సీసా ధరలో ఉండదు. అదే డబ్బుకు మత్తు ఎక్కువ దొరికేదాన్నే కూలివాడు ఎంచుకుంటాడు. కూర్చుని నింపాదిగా తాగే చోటు లేక, దుకాణం వెనక నిలబడి గబగబా ముగించాల్సిన చోట ఇంకే రుచి పెరుగుతుంది?

పైగా అతి చల్లదనం నాలుకను మొద్దుబారుస్తుంది. ఎండలో లారీల మీద, గోదాముల్లో మగ్గిన బీరులో తడి అట్టముక్క వాసన పుడుతుంది. ఆకుపచ్చ సీసాకు వెలుతురు తగిలితే హాప్స్ విరిగి కంపు కొడుతుంది. చల్లదనం ఈ లోపాలన్నిటినీ కప్పేస్తుంది. మంచి ఏల్‌ను పది పన్నెండు డిగ్రీల దగ్గర తాగితే ఈస్టు ఇచ్చిన పండు వాసన, మాల్టు ఇచ్చిన వేయించిన రొట్టె రుచి, హాప్స్ చేదు వేరువేరుగా తెలుస్తాయి. గోధుమ బీరులో వచ్చే అరటిపండు వాసన ఎసెన్సు కాదు, ఈస్టు చేసే పనే. చేదంటే తెలుగువాళ్లకు పడదన్న మాట కాకరకాయ వేపుడు ముందు నిలవదు. బెంగళూరు ఇక్కడికి రాత్రి రైలు దూరం. 2010 తర్వాత అక్కడ మైక్రోబ్రూవరీలు తెరుచుకున్నాక గోధుమ బీరుకు, ఐపీఏకు, స్టౌట్‌కు అలవాటుపడినవాళ్లలో సీమ నుంచి ఉద్యోగాలకు పోయినవాళ్లూ ఉన్నారు. 2015లో నిబంధనలు వచ్చాక హైదరాబాదులోనూ అదే జరిగింది.

ఇంట్లో చేసుకునే స్వేచ్ఛ వచ్చిన దేశాల్లో ఏం జరిగిందన్నది ముఖ్యం. బ్రిటన్ 1963లో ఇంటి బీరుకు లైసెన్సు తీసేసింది. అమెరికాలో 1978లో అధ్యక్షుడు కార్టర్ సంతకంతో ఇద్దరు లేక ఎక్కువమంది పెద్దలున్న ఇంటికి ఏడాదికి 200 గ్యాలన్ల దాకా, ఒక్కరే ఉంటే 100 గ్యాలన్ల దాకా అనుమతి వచ్చింది. అమ్మడానికి వీల్లేదు, సారాయి దింపడానికి వీల్లేదు. అలబామా, మిసిసిపీ మాత్రం 2013 దాకా ఒప్పుకోలేదు. ఇంట్లో బీరు కాచుకుంటూ చేయి తిరిగిన కెన్ గ్రాస్‌మన్ 1980లో సియెరా నెవాడా బ్రూవరీ మొదలుపెట్టి ఆ దేశపు బీరు రుచినే మార్చినవాళ్లలో ఒకడయ్యాడు. డాలస్‌లోనో, న్యూజెర్సీలోనో ఉన్న తెలుగువాడు గ్యారేజీలో చట్టబద్ధంగా ఏల్ కాచుకోగలడు. అదే మనిషి సెలవుల్లో గుంతకల్లు వచ్చి అదే పని చేస్తే కేసు.

సరే, చట్టం ఒప్పుకుందనే అనుకుంటే ఈ మెట్ట మీద బీరు కుదురుతుందా? మొదటి అడ్డంకి వేడి. లాగర్ రకం బీరు ఈస్టుకు పది డిగ్రీల చలి కావాలి. ఏల్ ఈస్టుకు 18 నుంచి 22. ఇక్కడ వేసవి 40 దాటుతుంది. మామూలు ఈస్టు అంత వేడిలో ఘాటైన రకం ఆల్కహాళ్లు పుట్టిస్తుంది. జవాబు ఆశ్చర్యంగా నార్వేలో దొరికింది. అక్కడి పశ్చిమ పల్లెల్లో రైతులు తరతరాలుగా ఎండబెట్టి దాచుకున్న క్వైక్ అనే ఈస్టు 35, 40 డిగ్రీల వేడిలోనూ శుభ్రంగా, రెండు మూడు రోజుల్లోనే పని ముగిస్తుంది. లార్స్ మారియస్ గార్షోల్ రాతల వల్ల అది ప్రపంచానికి తెలిసింది. చలిదేశపు రైతులు కాపాడిన ఈస్టు గుంతకల్లు ఎండకు సరిగ్గా సరిపోతుంది. కల్లు లొట్టిలో ఉండే మన ఈస్టు కూడా ఈ వేడికే పెరిగింది. దాన్ని వేరుచేసి ధాన్యం మీద పరీక్షించడం ఏ విశ్వవిద్యాలయ ప్రయోగశాలకైనా మంచి పని.

నీళ్ల సంగతి మరింత కష్టం. ఏడాదికి దాదాపు 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లాలో, ఫ్లోరైడు ఉన్న బోరునీళ్లతో ఏ పానీయమూ చేయకూడదు. తాగునీళ్లకే సత్యసాయి పథకం, తుంగభద్ర ఎగువ కాలువ దిక్కు. పెద్ద బ్రూవరీలో లీటరు బీరుకు నాలుగైదు లీటర్ల నీళ్లు ఖర్చవుతాయి. ఈ నేల మీద బీరు ఫ్యాక్టరీ పెట్టమనడం అన్యాయం. వేడుకకు పదో ఇరవయ్యో లీటర్లు కాచుకోవడం వేరే లెక్క.

ధాన్యం విషయంలో మాత్రం ఈ నేల ధనవంతురాలు. బార్లీ రాజస్థాన్, హర్యానాల నుంచి రావాలి, హాప్స్ దాదాపుగా విదేశాల నుంచి. జొన్న ఇక్కడే ఉంది. 1988లో నైజీరియా బార్లీ మాల్టు దిగుమతిని నిషేధించినప్పుడు అక్కడి బ్రూవరీలన్నీ, గిన్నెస్‌తో సహా, జొన్న వైపు తిరిగి బతికాయి. జొన్నతో ఒక చిక్కుంది. దాని పిండి 70 డిగ్రీలు దాటితేగానీ సరిగా ఉడకదు, ఆ వేడికి మాల్టు ఎంజైములు చచ్చిపోతాయి. అందుకని జొన్నపిండిని ముందు జావగా ఉడికించి, 65 డిగ్రీలకు చల్లార్చి, అప్పుడు ఎంజైముల బలం ఉన్న రాగి మాల్టు కలపాలి. సంగటి కెలికే చేతికి ఇది అందని పని కాదు. ఇలా వచ్చే బీరు కాస్త మబ్బుగా, పుల్లగా, గోధుమ బీరుకూ అంబలికీ మధ్యగా ఉంటుంది. గ్లూటెన్ పడనివాళ్లూ తాగొచ్చు. సెగ తగలకుండా ఆరబెట్టిన మాల్టయితేనే మేలు. పసిబిడ్డ కోసం వేయించిన పిండిలో ఎంజైములు చాలావరకు మాడిపోయి ఉంటాయి.

తేనె పానీయం మీడ్ ఇంతకన్నా సులువైనది. మొలక లేదు, ఉడక లేదు. తేనెలో అయిదింట నాలుగు వంతులు చక్కెర. నీళ్లు తక్కువ కాబట్టే అది చెడదు, నీళ్లు కలిపితే పులుస్తుంది. కిలో తేనెకు నీళ్లు చేర్చి నాలుగు లీటర్లు చేస్తే చివరికి పన్నెండు శాతం దగ్గర ఆల్కహాలు వస్తుంది. అంటే వైనంత. తేనెలో ఈస్టుకు కావలసిన నత్రజని తక్కువ. అందుకే నిదానంగా పులుస్తుంది, నెలల తరబడి నిలవుంటేనే పదునెక్కుతుంది. పోలండ్‌లో తేనె, నీళ్ల పాళ్లను బట్టే రకాలకు పేర్లున్నాయి. ఇథియోపియాలో గెషో అనే మొక్క ఆకు, కాండం వేసి చేసే తెజ్ రాజుల పానీయం, ఇప్పటికీ ఇళ్లలో చేసుకుంటారు. మనదేశంలో పుణెకు చెందిన మూన్‌షైన్ మీడరీ 2018లో సీసాలు బజారులోకి తెచ్చింది. నాసిక్‌లో సెరానా వచ్చింది. ఆంధ్రలో అడవి తేనె కొదవ లేదు. 1956లో విశాఖలో పుట్టిన గిరిజన సహకార సంస్థ ఏళ్లుగా మన్యపు తేనె కొని అమ్ముతోంది. ఆ తేనెలో కొంతైనా మీడ్‌గా మారితే ధర ఎన్నో రెట్లవుతుంది. ఆ లాభం కొండ మీదికి చేరేలా చూడటం సహకార సంస్థకే సాధ్యం. ఉరవకొండ, గుత్తి కొండరాళ్లకు పట్టే పెద్ద తేనె తుట్టెల్లో కానుగ, వేప, చింత పూల వాసనలుంటాయి. ఏ పూల తేనె ఎలాంటి మీడ్ ఇస్తుందో పరీక్షించి చూడవలసిన క్షేత్రం ఇది.

చిన్న తయారీదారుకు అనుమతి ఇవ్వడం ఈ రాష్ట్రానికి కొత్త కాదు. కల్లుగీత సహకార సంఘాలు, చెట్టు చెట్టుకూ గీసేవాడికే లైసెన్సు ఇచ్చే టీఎఫ్‌టీ (ట్రీ ఫర్ ట్యాపర్) పద్ధతి ఎక్సైజ్ శాఖ దశాబ్దాలుగా నడుపుతున్నవే. ఆ పద్ధతిలోకే ధాన్యపు ఏల్‌నూ మీడ్‌నూ తేవచ్చు. ఇంటి అక్కరకు ఏడాదికి కొన్ని లీటర్ల హద్దు, అమ్మకం నిషేధం, బట్టీ పెట్టి సారా దింపితే ఇప్పటి శిక్షే. సంఘాలకైతే అయిదు శాతం లోపు పానీయాలకు తక్కువ రుసుముతో లైసెన్సు, మత్తుబిళ్లల కల్తీకి నెలనెలా పరీక్ష. ఏ ఊరి గ్రామసభైనా, ముఖ్యంగా ఆ ఊరి మహిళా సంఘాలు వద్దంటే అక్కడ ఉండకూడదు. గిరిజన ప్రాంతాల్లో మత్తు పానీయాల మీద గ్రామసభకు అధికారం ఇస్తూ 1996 నాటి పెసా చట్టం ఇప్పటికే దారి వేసింది. పన్ను కూడా మారాలి. 2023 ఆగస్టు నుంచి బ్రిటన్‌లో పన్నును ఆల్కహాలు బలాన్ని బట్టి వేస్తున్నారు. మూడున్నర శాతం లోపు పానీయాలకు అక్కడ తక్కువ రేటు. ఆంధ్రప్రదేశ్ ఆ ఒక్క పద్ధతి తెచ్చుకున్నా, ఎనిమిది శాతం సీసా ఖరీదై మూడు శాతం రాగి ఏల్ చవకవుతుంది. రోజు కూలితో కల్లుపాకకో బారుకో పోయే మనిషి ఇంటికి తెచ్చే డబ్బులో, ఆరోగ్యంలో ఆ తేడా కనబడుతుంది.